హెచ్చరిక: ఎక్స్‌పోర్ట్‌ను స్వయంగా పరీక్షించకుండా డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొనవద్దు

కాగితపు ఫైళ్ల స్థానంలో ఎలక్ట్రానిక్ డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలని చూస్తున్న సంస్థల యజమానులూ, అకౌంట్స్, ఐటీ విభాగాల బాధ్యులూ ఒప్పందంపై సంతకం చేసే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. మా సంస్థ ఇన్‌వాయిస్‌లు, కొనుగోలు ఆర్డర్లు, సరఫరాదారులతో చేసుకున్న ఒప్పందాలు, ఉద్యోగుల ఫైళ్లు అన్నింటినీ కొన్నేళ్లపాటు ఇలాంటి ఒక క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో భద్రపరిచింది. రోజువారీ పనిలో దానిపై మాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. వెతికిన పత్రం వెంటనే దొరికేది, ఆమోదాలు సకాలంలో అయ్యేవి. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలని నిర్ణయించి, మా పత్రాలను బయటకు తీసి మాకు అప్పగించమని (దీన్నే ఎక్స్‌పోర్ట్ అంటారు) అడిగినప్పుడు అసలు సమస్య బయటపడింది. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బంది ఒక్క ఉత్పత్తికే పరిమితమైనది కాదు, ఈ తరహా సాఫ్ట్‌వేర్ల నిర్మాణంలోనే దానికి చోటుంది.

కొనుగోలుకు ముందు మేము ఈ విషయం అడిగాము. "మీ డేటా పూర్తిగా మీదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు" అని అమ్మకాల ప్రతినిధి ఈమెయిల్‌లోనే సమాధానమిచ్చారు. ఆ హామీ ఒప్పంద పత్రంలోకి వచ్చేసరికి "ప్రామాణిక పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ సౌకర్యం కల్పించబడును" అనే ఒక్క వాక్యంగా మారింది. ఆ ప్రామాణిక పద్ధతి ఏమిటో ఒప్పందంలో ఎక్కడా నిర్వచించలేదు. చివరికి మాకు అందినది కొన్ని జిప్ ఫైళ్లు. వాటిలోని ప్రతి పత్రానికీ అసలు పేరు పోయి, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవైన గుర్తింపు సంఖ్య పేరుగా ఉంది. ఏ ఇన్‌వాయిస్ ఏ సరఫరాదారుదో, ఏ తేదీదో, ఏ ఆర్డరుకు సంబంధించినదో తెలిపే వివరాలు ఒక్కటీ రాలేదు. ప్రతి పత్రానికీ చివరి వెర్షన్ మాత్రమే ఉంది. పేజీలపై మా సిబ్బంది రాసిన వ్యాఖ్యలు, వేసిన ఆమోద ముద్రలు కనిపించలేదు. ఎవరు ఎప్పుడు ఏ పత్రాన్ని తెరిచారో, ఎవరు ఆమోదించారో చెప్పే ఆడిట్ లాగ్ అసలు లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో కొనేవారికి ముందే తెలిసి ఉండాలి. ఇలాంటి వ్యవస్థల్లో చాలా వాటిలో పత్రం ఒక చోట, ఆ పత్రం గురించిన సమాచారం మరొక చోట ఉంటాయి. స్కాన్ చేసిన ఫైల్ ఒక గుర్తింపు సంఖ్యతో స్టోరేజీలో చేరుతుంది. దాని శీర్షిక, తేదీ, వర్గం, వెర్షన్లు, అనుమతులు, ఎంతకాలం భద్రపరచాలన్న గడువు, ఏ పత్రానికి ఏది అనుబంధమన్న సంబంధాలు అన్నీ డేటాబేస్‌లోని పట్టికల్లో ఉంటాయి. తెరమీద మనకు చక్కని ఫోల్డర్లుగా కనిపించేది ఈ రెండింటినీ సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు జోడించి చూపే దృశ్యం. వ్యాఖ్యలూ ముద్రలూ కూడా తరచుగా ఫైల్‌లో కాక విడి పొరగా డేటాబేస్‌లోనే ఉంటాయి. అందువల్ల ఫైళ్లు మాత్రమే ఇచ్చి డేటాబేస్ సమాచారం ఇవ్వకపోవడమంటే, దస్త్రాలపై అంటించిన చీటీలన్నీ పీకేసి, కాగితాలను గుట్టగా పోసి అప్పగించినట్టే. మేము ఆ పట్టికలను అడిగితే, డేటాబేస్ నిర్మాణం తమ మేధోసంపత్తి కాబట్టి ఇవ్వలేమని విక్రేత చెప్పారు. నిర్మాణం వారిదే కావచ్చు, దానిలో నింపిన వివరాలు మాత్రం మా సిబ్బంది టైప్ చేసినవి.

ఆ తర్వాత అదే సంస్థ "మైగ్రేషన్ సేవ" పేరుతో ఆ వివరాలు తీసి ఇవ్వడానికి వేరుగా కొటేషన్ పంపింది. అప్పటికే మేము ఒప్పందం రద్దు నోటీసు ఇచ్చి ఉన్నాము. రద్దయిన తర్వాత నిర్ణీత గడువులో డేటా మొత్తం తొలగిస్తామన్న నిబంధన ఒప్పందంలో ఉంది. వ్యక్తిగత సమాచారం విక్రేత దగ్గర అనవసరంగా మిగిలిపోకుండా చూడటానికి అలాంటి నిబంధన మంచిదే. కానీ పత్రాలు సరిగ్గా అందాయని కొనుగోలుదారు ధ్రువీకరించాలన్న షరతు దానికి జోడించకపోతే, అదే నిబంధన బేరమాడే శక్తినంతా విక్రేత చేతిలో పెడుతుంది. మా విషయంలో సరిగ్గా అదే జరిగింది. వారు అడిగినంత చెల్లించాము. అలా చెల్లించిన తర్వాత కూడా పాత వెర్షన్లలో కొన్నీ, ఆడిట్ లాగ్‌లో పెద్ద భాగమూ రాలేదు.

ఆడిట్ లాగ్ లేకపోవడం చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే దయచేసి ఆ అభిప్రాయం మార్చుకోండి. రికార్డుల నిర్వహణకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15489 మొదట 2001లో వచ్చి, 2016లో సవరించబడింది. ఒక రికార్డుకు ప్రామాణికత, విశ్వసనీయత, సమగ్రత, వినియోగయోగ్యత అనే నాలుగు లక్షణాలు ఉండాలని అది చెబుతుంది. చెల్లింపును ఎవరు ఆమోదించారని ఆడిటర్ అడిగినప్పుడు, పీడీఎఫ్‌లో ఇన్‌వాయిస్ బొమ్మ చూపితే సరిపోదు. ఆమోదించిన వ్యక్తి, సమయం, ఆ సమయానికి ఉన్న వెర్షన్ మూడూ ఒకదానికొకటి ముడిపడి కనిపించాలి. ఆ ముడి తెగిపోతే పత్రం మిగిలినా దాని సాక్ష్యబలం తగ్గిపోతుంది.

మరో నష్టం ఇంకా ఆలస్యంగా తెలిసింది. డిజిటల్ సంతకాలు ఉన్న మా ఒప్పందాలను అప్‌లోడ్ చేసిన సమయంలోనే ఆ సాఫ్ట్‌వేర్ ఫైల్ పరిమాణం తగ్గించడానికి పీడీఎఫ్‌లను మళ్లీ తయారుచేసి, అసలు ఫైళ్లను ఉంచకుండా తీసేసింది. ఈ సంగతి వారి డెమోలోనూ, వారిచ్చిన వివరణ పత్రాల్లోనూ లేదు. డిజిటల్ సంతకం ఫైల్‌లోని బైట్లపై లెక్కించిన హ్యాష్‌కు, అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్యకు, కట్టుబడి ఉంటుంది. సంతకం చేసిన భాగంలో ఒక్క బైటు మారినా ధ్రువీకరణ విఫలమవుతుంది. సంతకం గుర్తు పేజీపై కనిపిస్తూనే ఉంది కదా అని విక్రేత వాదించారు. కనిపించే ఆ గుర్తు బొమ్మ మాత్రమే, దానితో ఏదీ రుజువు కాదు. ఇతర పక్షాల దగ్గర అసలు ఫైళ్లు ఉన్నందువల్ల కొన్ని ఒప్పందాలు తిరిగి సంపాదించగలిగాము, అన్నీ కాదు.

ఫైళ్లను కుదించడం వల్ల ఇంతకన్నా ఘోరమైన ప్రమాదం కూడా ఉంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, ప్రసిద్ధ సంస్థ తయారుచేసిన కొన్ని కాపీయర్లు స్కాన్ చేసేటప్పుడు అంకెలనే మార్చేస్తున్నాయని బయటపెట్టారు. జేబిగ్2 అనే కుదింపు పద్ధతిలో ఒకేలా కనిపించే చిన్న ముక్కలను ఒకటిగా పరిగణించడం వల్ల ఒక అంకె స్థానంలో మరో అంకె చేరింది. అక్షరాలు మసకబారితే మనిషి అనుమానిస్తాడు. ఇక్కడ తప్పు అంకె కూడా స్పష్టంగా, శుభ్రంగా అచ్చయింది. అందుకే స్కానింగ్‌లో ఏ కుదింపు పద్ధతి వాడతారో, దానిలో సమాచారం పోతుందో లేదో విక్రేతను రాతపూర్వకంగా అడగండి. అసలు ఫైల్‌ను ఒక్క బైటు మారకుండా ఉంచుతారా అని కూడా అదే ఉత్తరంలో అడగండి.

ఇప్పుడు పరీక్ష సంగతి. ట్రయల్ కాలంలో దాదాపు అందరూ అప్‌లోడ్, వెతుకులాట, ఆమోదాల వర్క్‌ఫ్లో చూస్తారు. విక్రేతలు కూడా అవే చూపిస్తారు. మీరు మాత్రం మీ సొంత పత్రాల్లోంచి కష్టమైనవి ఏరుకోండి. అనేకసార్లు సవరించిన ఒప్పందం, డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్, అటాచ్‌మెంట్లు ఉన్న ఈమెయిల్, పేజీపై వ్యాఖ్యలు రాసిన స్కాన్, అనుబంధాలతో ముడిపెట్టిన ఇన్‌వాయిస్ వంటివి ఉండాలి. అప్‌లోడ్‌కు ముందే ప్రతి ఫైల్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హ్యాష్ లెక్కించి పెట్టుకోండి; అందుకు ఉచిత సాధనాలున్నాయి. ఆ తర్వాత అన్నింటినీ ఎక్స్‌పోర్ట్ చేయించి, ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో తెరవండి. హ్యాష్‌లు సరిపోలాలి, పేర్లూ ఫోల్డర్లూ అలాగే ఉండాలి, మెటాడేటా (పత్రాల గురించిన వివరాలు) మొత్తం సీఎస్‌వీ లేదా ఎక్స్‌ఎంఎల్ వంటి, ఇతర సాఫ్ట్‌వేర్లూ చదవగల రూపంలో రావాలి, అందులోని ప్రతి వరుసా ఏ ఫైల్‌కు చెందినదో తెలియాలి, పాత వెర్షన్లూ ఆడిట్ లాగ్ కూడా ఉండాలి. విక్రేత ఇంజినీరు సహాయం లేకుండా మీ సిబ్బందే ఈ పని చేయగలగాలి. ట్రయల్‌లో ఎక్స్‌పోర్ట్ అందుబాటులో ఉండదని ఎవరైనా చెబితే అక్కడితో ఆగిపోండి. ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోవద్దని నా అభిప్రాయం.

బ్యాకప్ ఉందన్న మాటతో సరిపెట్టుకోకండి. బ్యాకప్ సాధారణంగా అదే సాఫ్ట్‌వేర్‌లోకి తిరిగి ఎక్కించుకోవడానికే పనికొస్తుంది. ఐఎస్ఓ 27001 ధ్రువపత్రం చూపించినా అది సమాచార భద్రత నిర్వహణకు సంబంధించినదే తప్ప, పత్రాలు మీకు తిరిగి వస్తాయనడానికి హామీ కాదు. సీఎంఐఎస్ అనే ప్రమాణానికి మద్దతు ఉందంటే కొంత మేలు. 2010లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇది వేర్వేరు వ్యవస్థల మధ్య పత్రాలు, ఫోల్డర్లు, వెర్షన్లు మార్చుకోవడానికి ఉమ్మడి మార్గం ఇస్తుంది. ఆమోదాల వర్క్‌ఫ్లోను మాత్రం అది నిర్వచించదు, కాబట్టి ఆ చరిత్ర గురించి వేరుగా అడగాలి. దీర్ఘకాల భద్రత కోసం పత్రాలను 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ ప్రమాణంలోకి మార్చి ఇస్తామని కొందరు అంటారు. అది మంచి ప్రమాణమే, కానీ మార్చిన ప్రతిని అసలు ఫైల్‌కు తోడుగా ఉంచాలి, దాని స్థానంలో కాదు.

ఒప్పందంలో "ప్రామాణిక ఎక్స్‌పోర్ట్" వంటి పదాలు కనిపిస్తే కొట్టివేయించి, పైన చెప్పిన ప్రతి అంశాన్నీ పేరుపేరునా రాయించండి. ఎక్స్‌పోర్ట్‌కు ఎంత రుసుము, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఒప్పందం ముగిసిన తర్వాత చదవడానికి మాత్రమే అనుమతి ఎంతకాలం ఉంటుంది అన్నవి అంకెలతో సహా ఉండాలి. అన్నీ సరిగ్గా అందాయని మీరు రాతపూర్వకంగా అంగీకరించిన తర్వాతే డేటా తొలగించాలన్న షరతు తప్పనిసరిగా పెట్టించండి. పరీక్షలో వచ్చిన ఎక్స్‌పోర్ట్ నమూనానే ఒప్పందానికి అనుబంధంగా జతచేయిస్తే, తర్వాత వాదనకు తావుండదు.

ఇప్పటికే ఇలాంటి వ్యవస్థలో ఉన్నవారు, మారే ఆలోచన లేకపోయినా, చందా నడుస్తున్నప్పుడే ఒకసారి పూర్తి ఎక్స్‌పోర్ట్ తీయించి పరిశీలించండి. లోపం కనబడితే విక్రేతతో మాట్లాడటానికి అదే సరైన సమయం, ఎందుకంటే మీరు ఇంకా వారి ఖాతాదారులే. కొత్త వ్యవస్థలో పత్రాలు, వివరాలు, లాగ్ అన్నీ సరిచూసుకునే వరకు రద్దు నోటీసు ఇవ్వవద్దు, మీ దగ్గరున్న కాగితపు అసళ్లను పారవేయవద్దు.