రాయలసీమ ఎండలో యాయెసు ఎఫ్‌టీ-2980ఆర్: కారులో కొన్నేళ్ల వాడకం తరువాత

రెండు మీటర్ల బ్యాండుకు (సుమారు రెండు మీటర్ల పొడవుండే రేడియో తరంగాలకు) మాత్రమే పనిచేసే కారు వైర్‌లెస్ సెట్లలో యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-2980ఆర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా హామ్ మిత్రులు, అంటే లైసెన్సుతో అభిరుచిగా రేడియో నడిపేవారు, మొదట అడిగేది దాని 80 వాట్ల ప్రసార శక్తి గురించే. కర్నూలులో ఉంటూ దీన్ని కారులోనూ, అవసరమైనప్పుడు ఇంట్లోనూ ఏళ్ల తరబడి వాడిన మీదట నా అభిప్రాయం స్పష్టంగా ఉంది. ఈ సెట్టు కొనడానికి 80 వాట్లు అసలు కారణం కాకూడదు. ఫ్యాను లేకుండానే మన ఎండనూ దుమ్మునూ తట్టుకునే దాని ఒళ్లు, పరుగెత్తే కారులో కూడా మాట తెలిసేలా వినిపించే దాని స్పీకరు, ఈ రెండూ దాని అసలు విలువ. మిగిలినదంతా ఆంటెనా మీదా, దాన్ని ఎక్కడ నిలబెట్టామన్న దాని మీదా ఆధారపడి ఉంటుంది.

సెట్టు వివరాలు క్లుప్తంగా చెబుతాను. వెడల్పు 160, ఎత్తు 50, లోతు 185 మిల్లీమీటర్లు, బరువు 1.9 కిలోలు. శక్తిని 80, 30, 10, 5 వాట్లుగా మార్చుకోవచ్చు. 13.8 వోల్టుల మీద పూర్తి శక్తితో మాట్లాడేటప్పుడు దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది. మైకు మీదే అంకెల మీటలు ఉండటం వల్ల ఫ్రీక్వెన్సీని నేరుగా కొట్టుకోవచ్చు. ఎఫ్‌ఎం తప్ప వేరే మోడ్ (ప్రసార పద్ధతి) లేదు, హామ్‌లు వాడే మరో బ్యాండైన 70 సెంటీమీటర్ల బ్యాండు లేదు. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా వినగలిగినా, మన దేశంలో మనకిచ్చిన బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మాత్రమే కనుక నేను మెమరీలన్నీ ఆ హద్దులోనే నింపుకున్నాను.

ఇక వాట్ల సంగతి. 5 వాట్ల నుంచి 80 వాట్లకు వెళ్లడమంటే శక్తిని 16 రెట్లు పెంచడం. వినడానికి ఇది చాలా పెద్ద పెరుగుదల. కానీ సిగ్నల్ బలాన్ని పోల్చే కొలతైన డెసిబెళ్లలో అది 12 మాత్రమే, అంటే అవతలి వారి సిగ్నల్ మీటరు మీద రెండు మెట్లు (ఎస్-యూనిట్లు). 30 నుంచి 80కి వెళితే వచ్చేది నాలుగు డెసిబెళ్ల పైచిలుకు, ఒక ఎస్-యూనిట్ కూడా నిండదు. అందుకే నా సెట్టు మామూలుగా 30 వాట్ల మీదే ఉంటుంది. ఎఫ్‌ఎంలో సిగ్నల్ ఒక స్థాయి దాటిన తరువాత అవతలి వారికి గొంతు ఎటూ శుభ్రంగానే వినిపిస్తుంది కనుక, ఆపైన పెంచిన ప్రతి వాటూ మన బ్యాటరీకి భారమే తప్ప వారికి లాభం కాదు. 80 వాట్లు పనికివచ్చేది సిగ్నల్ గురగురమంటూ అంచున ఊగిసలాడుతున్నప్పుడు. అలాంటి సమయాలు ఉన్నాయి, వాటి విలువను నేను తక్కువ చేయను. కానీ అవి అరుదు.

ఎత్తు చేసే మేలు ముందు వాట్లు చిన్నబోతాయి. భూమి వంపును లెక్కలోకి తీసుకుంటే, రేడియో దృష్టి చేరే దూరం కిలోమీటర్లలో ఆంటెనా ఎత్తు మీటర్ల వర్గమూలానికి సుమారు 4.12 రెట్లు ఉంటుంది. నేల మీద రెండు మీటర్ల ఎత్తున ఉన్న కారు ఆంటెనాకు అది ఆరు కిలోమీటర్లకు లోపే. అలాంటి రెండు కార్ల మధ్య మైదానంలో నమ్మకంగా లెక్కించుకోగలిగింది పదకొండు, పన్నెండు కిలోమీటర్లు. అదే ఆంటెనా చుట్టుపక్కల నేల కంటే నూరు మీటర్లు పైన ఉంటే, దాని ఒక్కదాని వాటాయే 41 కిలోమీటర్లు అవుతుంది. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లో కారు ఆపి 80 వాట్లతో ఎంత పిలిచినా అందని మిత్రుడు, జగన్నాథగట్టు ఎక్కి 5 వాట్లతో పిలిస్తే హాయిగా పలికిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న మన ప్రాంతపు యువకులు ఎవరైనా అడిగితే, సెట్టు కొనే ముందు మీ ఊరి చుట్టూ వాహనం ఎక్కగలిగిన గట్టు ఏది ఉందో చూసి పెట్టుకోమంటాను.

దీనికి మరో పార్శ్వం ఉంది, అది నాకు నల్లమలలో బాగా అర్థమైంది. శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా భక్తులు శ్రీశైలానికి కాలినడకన వెళతారు. ఆ దారిలో చాలా దూరం ఫోను పలకదు. ఒకసారి అధికారుల అనుమతితో మిత్రులం కొందరం ఆ దారి పొడవునా చేతి సెట్లతో నిలబడి, నడవలేకపోతున్న వారి సమాచారం చేరవేసే పని పెట్టుకున్నాం. నా కారు శ్రీశైలం రోడ్డు మీద హఠకేశ్వరం దగ్గర ఉంది. 80 వాట్లతో నేను మాట్లాడితే లోయ అంచుదాకా ఉన్న మిత్రులందరికీ వినిపించేది. వారి 5 వాట్ల చేతి సెట్లు, పొట్టి రబ్బరు ఆంటెనాలతో ఇచ్చిన జవాబు మాత్రం నాకు ముక్కలుగా వచ్చేది. భీముని కొలను లోయలోకి దిగినవారైతే పూర్తిగా మూగబోయారు. చివరకు పని జరిపించింది నా శక్తి కాదు. లోయ పైభాగంలో ఒక మిత్రుడు నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందించాడు. పంపగలిగినంత దూరం నుంచి తిరిగి వినలేకపోతే, ఆ అదనపు శక్తితో సంభాషణ జరగదు, ప్రకటన మాత్రమే జరుగుతుంది. అందుకే సెట్టు మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా మంచి ఆంటెనా, తక్కువ నష్టం ఉన్న కేబుల్ కొనమని గట్టిగా చెబుతాను, ఎందుకంటే అవి పంపడానికీ వినడానికీ సమానంగా పనికివస్తాయి.

కేబుల్ గురించి ఒక లెక్క. సెట్టుకూ ఆంటెనాకూ మధ్య వేసే సాధారణ ఆర్‌జి-58 కేబుల్ ఐదు మీటర్లకే ఈ బ్యాండులో సుమారు ఒక డెసిబెల్, అంటే శక్తిలో ఐదో వంతు తినేస్తుంది. వచ్చే సిగ్నల్‌కూ అదే నష్టం. కారులో ఐదు మీటర్ల కంటే ఎక్కువ అక్కర్లేదు కనుక సర్దుకోవచ్చు కానీ, మిగిలిన పొడవును చుట్టలు చుట్టి సీటు కింద దాచే అలవాటు మంచిది కాదు. ఆంటెనాల్లో నేను రెండు వాడుతున్నాను. ఊళ్లో తిరిగేటప్పుడు సుమారు అర మీటరు పొడవున్న క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు), 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్, గుత్తి మీదుగా అనంతపురం వెళ్లేటప్పుడు సుమారు 1.3 మీటర్ల ఫైవ్-ఎయిత్ వేవ్ (తరంగం పొడవులో ఎనిమిదింట ఐదు వంతులు). మైదానంలో పొడవైనదే మేలు. కొండల మధ్య మాత్రం శక్తిని కాస్త పైకి కూడా చిమ్మే క్వార్టర్ వేవ్ నాకు ఎక్కువగా ఉపయోగపడింది. పైగా వేప కొమ్మలకూ, పెట్రోలు బంకు కప్పుకూ తగలదు. ఏది పెట్టినా, ఆంటెనా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో తెలిపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో కొలిచి, 1.5 దాటకుండా సరిచేసుకున్నాకే పూర్తి శక్తితో పీటీటీ (మైకు మీద నొక్కి మాట్లాడే మీట) నొక్కాలి.

ఇప్పుడు వేడి. 15 ఆంపియర్లు లాగి 80 వాట్లు మాత్రమే గాలిలోకి పంపుతుందంటే, మాట్లాడినంతసేపూ నూటఇరవై వాట్లకు పైగా వేడిగా మారుతోందని అర్థం. ఎఫ్‌ఎంలో మనం మౌనంగా ఉన్నా, పీటీటీ నొక్కి ఉన్నంతసేపు పూర్తి శక్తి పోతూనే ఉంటుంది. ఈ వేడినంతా ఈ సెట్టు తన పోత లోహపు ఒంటితోనే బయటికి వదులుతుంది. మే నెలలో కర్నూలు ఎండ 44 డిగ్రీలకు చేరినప్పుడు, నీడ లేని చోట నిలిపిన కారులోకి ఎక్కి వెంటనే 80 వాట్లతో నాలుగు నిమిషాలు ఉపన్యసిస్తే చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఇది లోపం కాదు, రూపకల్పనే అలాంటిది: వేడి బయటికి వస్తోంది కనుకే పైన తెలుస్తోంది. కానీ దాన్ని గౌరవించాలి. నా సెట్టుకు నాలుగు వైపులా గాలి ఆడేలా ఖాళీ వదిలాను, ఏసీ గాలి కొంత దాని మీదికి మళ్లేలా అమర్చాను, ఎక్కువసేపు మాట్లాడితే ప్రసారాన్ని దానంతటదే ఆపే టైమ్-అవుట్ టైమరును మూడు నిమిషాలకు పెట్టాను, వేసవిలో 30 వాట్లు దాటను. ఇన్ని వేసవులు గడిచినా శక్తిలో తగ్గుదల నాకు కనబడలేదు.

ఫ్యాను లేకపోవడాన్ని కొందరు కొరతగా చూస్తారు. మన ప్రాంతానికి అదే వరమని నా నమ్మకం. నల్లరేగడి చేల మధ్య బండి బాటలో వెళ్లినా, బేతంచెర్ల వైపు నాపరాయి గనుల దారిలో వెళ్లినా కారులో దుమ్ము పేరుకోకుండా ఆపలేం. ఫ్యాను ఉన్న సెట్టు ఆ దుమ్మును లోపలికి లాగి ఎక్కడెక్కడో పేరుస్తుంది, కొన్నాళ్లకు ఫ్యానే గరగరలాడి ఆగిపోతుంది. ఇక్కడ తిరిగే భాగమే లేదు. పొడి గుడ్డతో, మెత్తటి బ్రష్షుతో పైన దులుపుకుంటే సరిపోతుంది.

స్పీకరు ఇచ్చే మూడు వాట్ల ఆడియో గురించి ఎంత చెప్పినా తక్కువే. కిటికీలు దించి, లారీల పక్కన, వంద దగ్గర వేగంలో వెళుతున్నా విడి స్పీకరు అవసరం లేకుండా మాట అర్థమవుతుంది. ఇంత గట్టిగా వినిపిస్తున్నా గొంతు చిట్లదు.

కరెంటు తీగల విషయంలో మాత్రం ఎవరినీ నమ్మి వదలకండి. ఊళ్లో ఒక కారు వర్క్‌షాపువారు నా సెట్టును సిగరెట్ లైటరు తీగకు కలిపి అప్పగించారు. పీటీటీ నొక్కగానే వోల్టేజీ పడిపోయి, అవతలివారికి నా మాట చెదిరి వినిపించేది. ఆ సాకెట్టు ఇంత కరెంటుకు ఉద్దేశించినది కాదు. తరువాత నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు బ్యాటరీ నుంచి నేరుగా లాగి, రెండు తీగలకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజులు పెట్టించాను. మూడు మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి, పూర్తి శక్తి మీద తీగల్లో పోయేది సుమారు 0.4 వోల్టులు, అది భరించదగినదే. రొద విషయానికి వస్తే, ఇంజను కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది చౌకరకం యూఎస్‌బీ చార్జరు. దాన్ని పీకగానే బలహీనమైన సిగ్నళ్లు పైకి తేలాయి. మీ సెట్టు సరిగా వినడం లేదని అనుమానం వస్తే, ముందు చార్జరునూ డ్యాష్ కెమెరానూ ఆపి చూడండి.

నచ్చనివీ ఉన్నాయి. ముందు పలక విడిగా రాదు, కనుక మొత్తం సెట్టునే చేతికందేచోట బిగించాలి. చిన్న కారుల్లో దీనికి చోటు దొరకడం కష్టం. 1.9 కిలోల బరువును నాసిరకం మరలు గుంతల రోడ్డు మీద మోయలేవు. ఒకే బ్యాండు కావడం నాకు సరిపోయింది కానీ, ఉపగ్రహాల ద్వారా మాట్లాడాలనే కోరిక ఉన్నవారికి సరిపోదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్ మీద చిత్రాల ప్రసారం జరిగే రోజుల్లో మాత్రం కారును ఖాళీ మైదానంలో నిలిపి, ఆ శబ్దాలను ఫోన్లోని యాప్‌తో బొమ్మలుగా మార్చి పిల్లలకు చూపిస్తుంటాను. వారి ముఖాల్లో వెలుగు చూడటానికి ఈ సెట్టు చాలు.

ఇంట్లో వాడకం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కర్నూలువాళ్లకు అది సరదా విషయం కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచెత్తినప్పుడు కరెంటూ ఫోన్లూ లేకుండా గడపడమంటే ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. ఈ సెట్టు వినేటప్పుడు ఒక ఆంపియరు కూడా లాగదు. ఇంటి ఇన్వర్టరుకు వాడే 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపి, మిద్దె మీది ఆంటెనాతో 10 వాట్ల మీద ఉంచితే, మితంగా మాట్లాడుతూ రోజుల తరబడి నడపవచ్చు. వర్షాకాలం మొదలయ్యే ముందు ఆ అమరికను ఒక పూట నడిపి చూసుకోవడం మా ఇంట్లో అలవాటైంది. బ్యాటరీని పైఅంతస్తులో ఉంచాం.

కొనదలచినవారు లైసెన్సు చేతికి వచ్చాకే కొనండి. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం ఇచ్చే లైసెన్సు షరతులు చదివి, మీ తరగతికి అనుమతించిన శక్తికి సెట్టును పరిమితం చేసుకోండి. ఇంకొకరు వాడిన సెట్టు దొరికితే, బేరమాడే ముందు డమ్మీ లోడు (ఆంటెనా బదులు తగిలించే పరీక్ష పరికరం) మీద నాలుగు స్థాయుల్లోనూ శక్తిని కొలిపించుకుని, మైకు తీగ మొదట్లో చిట్లిందేమో వంచి చూసి, బిల్లుతో సహా తీసుకోండి.