ఆరేళ్ల సంగీతం చదువు: పదేళ్ల తర్వాత నా లెక్క

పొద్దున బీకాం, సాయంత్రం హన్మకొండలో వయొలిన్ క్లాసు. అట్లా నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా పూర్తి చేసి పదేళ్లు దాటింది. సిలబస్‌లో ఏముంటుందో చేరాలనుకునేవాళ్లకు ఎలాగూ తెలుసు, దాని జోలికి పోను. "దీంతో పైసలు వస్తాయా" అని అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు పైసలు తెచ్చిపెట్టింది ఆ ఆరేళ్లలో తయారైన చెవి. పాట వింటే దాన్ని స్వరాల్లో రాసిపెట్టగలను. ఈ చదువులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మూడో ఏడాది మా సార్ ఖరహరప్రియ రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఒక్కదాని మీదే నెల రోజులు కూర్చోబెట్టారు. వేలు ఎక్కడ పెట్టాలి, ఎంత ఊపాలి, ఎక్కడ ఆపాలి, అంతే. పక్క గదిలో వర్ణాలనే పెద్ద రచనలు వాయిస్తుంటే మాకు ఏడుపొచ్చేది. ఆ నెల విలువ నాకు నాలుగేళ్ల కింద తెలిసింది.

బతుకమ్మకు ముందు ఇక్కడి ఒక చిన్న స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. ములుగు వైపు పల్లె నుంచి ఒక పెద్దమ్మ పాట పాడడానికి వచ్చింది, కీబోర్డుతో కలవడం లేదు, ఒకసారి రమ్మన్నారు. పోయేసరికి ఆమె మైకు ముందు కుర్చీలో ఒదిగి కూర్చుంది, చేతిలో నీళ్ల సీసా. కీబోర్డు అబ్బాయి నాలుగున్నర శ్రుతి పెడితే ఆమె గొంతు పైన ఉంటోంది, ఐదు పెడితే కింద ఉంటోంది. తప్పు పాడుతున్నానేమోనని ఆమెకు టెన్షన్. నేను కీబోర్డు ఆపించి, ఆమెను మామూలుగా పాడమని, వయొలిన్ తీగలను ఆమె గొంతుకే కలుపుకున్నాను. పాట మొత్తం ఐదు స్వరాల లోపే. ఇంకేముంది, పది నిమిషాల పని అనుకుని సాధారణ గాంధారం (కింది 'గ') రాసుకుని వాయించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "గట్ల గాదు బిడ్డా, అది మా పాట లెక్క లేదు" అంది. అంతర గాంధారం (దానికంటే పై 'గ') పెట్టి చూశాను. అదీ కాదంది. అప్పుడు కమాను (వయొలిన్ వాయించే కర్ర) పక్కన పెట్టి, ఆమెతో పాటు నాలుగైదు సార్లు గొంతు కలిపి పాడాను. ప్రతి "ఉయ్యాలో" దగ్గర ఆమె గాంధారం ఆ రెండింటి మధ్య నిలిచి, మెల్లగా కింద ఉన్న రిషభం ('రి') మీదికి జారుతోంది. సార్ నెల రోజులు ఊపించిన వేలు ఆ జాగాను దానంతటదే పట్టుకుంది. మళ్లీ వాయిస్తే, "ఆఁ, గిప్పుడొచ్చింది" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ రోజు నాకు 2,000 ఇచ్చారు. అప్పటి నుంచి ఆ స్టూడియో వాళ్లు నొటేషన్ పని, అంటే పాటను స్వరాల్లో రాసే పని, నాకే పంపుతున్నారు, పాటకు 500.

ఫీజు తక్కువ, కళ్లు మూసుకుని చేర్పించండి అని ఇన్నేళ్లూ మా బంధువులందరికీ చెప్పాను. ఫీజు తక్కువన్నది నిజమే. కానీ నా మొదటి వయొలిన్ 6,500, డిప్లొమాకు వచ్చాక ఇంకోటి 18,000. తీగలు, కమాను వెంట్రుకలు మార్పించడం, పెళ్లిళ్లలో వాయించడానికి పికప్ మైకు వేరే. అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఆరేళ్ల సాయంత్రాలు. ఆ టైంలో నా బీకాం దోస్తులు ట్యాలీ నేర్చుకున్నారు, బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకున్నారు. ఇవాళ వాళ్లకు ఒకటో తారీఖు జీతం పడుతుంది.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో నెలకు 9,000కు చేరాను. పరీక్షలు దగ్గర పడితే మొదట తీసేసేది సంగీతం పీరియడే. ఎండాకాలం సెలవులకు జీతం లేదు. రెండేళ్లు చూసి మానేశాను. 2023లో గురుకులాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టులు పడ్డాయి, రాశాను, రాలేదు. పెళ్లికి వాయిస్తే 2,500 నుంచి 3,000, కానీ ఆషాఢంలోనూ మూఢంలోనూ ఫోనే మోగదు. ట్యూషన్లు, పెళ్లిళ్లు, నొటేషన్లు అన్నీ కలిపితే మంచి నెలలో 22,000, ఆషాఢంలో 8,000. హైదరాబాద్ పోయి తెలుగు యూనివర్సిటీలో సంగీతంలో పీజీ చేసి ఉంటే వేరేగా ఉండేదేమో. అమ్మ ఆరోగ్యం వల్ల పోలేకపోయాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. మాకు కాజీపేటలో సొంతిల్లు ఉంది, నాన్నకు రైల్వే పింఛను వస్తుంది. కిరాయి కట్టుకుంటూ, ఇద్దరు పిల్లలను చదివించుకుంటూ అయితే ఈ 22,000 నాకు సరిపోయేది కాదు. అప్పుడు నేను ఈ చదువును ఇంత మెచ్చుకుంటూ రాసేదాన్నో కాదో. నా పరిస్థితిలో అయితే మళ్లీ చేరమన్నా చేరతాను, కానీ బీకాం వదలను.

మొన్న పరకాల నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చి ఇదే అడిగింది. డిగ్రీ మానకుండా ముందు సర్టిఫికెట్ నాలుగేళ్లు చూడమన్నాను. సాయంత్రం క్లాసు అయ్యాక పరకాల బస్సు సంగతేంటో కనుక్కున్నాకే అడ్మిషన్ తీసుకోమన్నాను. కొత్త వయొలిన్ కొనొద్దని నా 6,500దే ఇచ్చాను. ఎండాకాలంలో దాని తీగలు బిగించే బిరడాలు జారుతాయి, కాస్త సుద్దముక్క రుద్దుకోవాలని చెప్పి పంపించాను.