జీసీసీ 5 దెబ్బ: డెబియన్ దారి, రెడ్ హ్యాట్ దారి

2015లో వచ్చిన జీసీసీ 5 (లినక్స్‌లో వాడే సీ++ కంపైలర్) సీ++ స్ట్రింగ్ (టెక్స్ట్ దాచే టైపు) లోపలి అమరికనే మార్చేసింది. 64 బిట్ మెషీన్లలో 8 బైట్లున్నది 32 అయింది. పాత లైబ్రరీకి కొత్త ప్రోగ్రామ్ కలపబోతే లింకర్ (కోడ్ ముక్కల్ని కలిపే టూల్) ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని మొరాయిస్తుంది. ఆ ఎర్రర్‌లో ‘సీఎక్స్ఎక్స్11’ అన్న ముక్క కనిపిస్తే దొంగ దొరికినట్టే.

లినక్స్ డిస్ట్రో డెబియన్ కొత్త ఏబీఐకే (బిల్డయిన కోడ్ ముక్కలు ఒకదానితో ఒకటి అతికే పద్ధతి) మారింది. దెబ్బతిన్న లైబ్రరీల పేర్లు మార్చి, వాటి మీద ఆధారపడ్డవన్నీ మళ్ళీ బిల్డ్ చేసింది. లిబ్‌ట్యాగ్1సీ2ఏ కాస్తా లిబ్‌ట్యాగ్1వీ5 అయింది (ఆ ‘సీ2ఏ’ కూడా అంతకుముందు ఇలాంటి ఏబీఐ మార్పు మిగిల్చిన గాయం గుర్తే). అన్‌స్టేబుల్ (కొత్త ప్యాకేజీలు ముందుగా వచ్చే డెబియన్ శాఖ) వాడేవాళ్ళకు మాత్రం కొన్నాళ్ళు టెన్షనే.

మరో లినక్స్ రెడ్ హ్యాట్ 7కి వచ్చిన డెవ్‌టూల్‌సెట్‌లో (కొత్త కంపైలర్లిచ్చే ప్యాకేజీల సెట్) కంపైలర్ కొత్తది, స్ట్రింగ్ పాతదే. పాత, కొత్త ఏబీఐల్లో ఏది కావాలో చెప్పే మాక్రోకి 1 (అంటే కొత్తది) ఇచ్చినా వినదు. ఉన్నవేవీ విరగవు, బయట కొత్త ఏబీఐతో బిల్డయిన లైబ్రరీ తెస్తే అతకదు.

కదపకూడని సర్వర్‌కు రెండోదే నయం. నా లాప్‌టాప్‌కైతే డెబియనే: ఒక్కసారి ఏడిస్తే పోతుంది.