కాల్ కిట్ ఫైల్: కోఎఫిషియంట్లా, కొలిచిన డేటానా, ఏది మేలు?

విఎన్‌ఏ అంటే యాంటెన్నాలూ కేబుళ్ళ నుంచి సిగ్నల్ ఎంత వెనక్కి వస్తుందో కొలిచే మెషిన్, దాన్ని కొలతకి ముందు కాల్ కిట్‌తో కాలిబ్రేట్ చేస్తాం. ఆ కిట్‌లో ఓపెన్ (చివర తెరిచి ఉన్నది), షార్ట్ (చివర కలిపేసింది), లోడ్ (50 ఓమ్‌లది) అనే స్టాండర్డ్లు ఉంటాయి, అవి నిజంగా ఎలా ఉంటాయో మెషిన్‌కి చెప్పేదే ఈ ఫైల్. ఓపెన్ అంటే ఓపెనే కదా, దానికి మళ్ళీ ఫైల్ ఎందుకు అనుకునేవాళ్ళకి ముందు ఒక లెక్క చెప్తా. 85052డి అని 3.5 ఎంఎం కనెక్టర్ల కిట్ ఉంది, దాని ఓపెన్‌కి ఆఫ్‌సెట్ డిలే (సిగ్నల్ దాని చివరిదాకా వెళ్ళే టైమ్) 29.243 పికోసెకన్లు, సీ0 (ఆ చివర ఉండే కెపాసిటెన్స్) 49.433 ఫెమ్టోఫారడ్లు. ఇంతేనా అనిపిస్తుంది గానీ సిగ్నల్ వెళ్ళి తిరిగి రావాలి కదా, 3 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ డిలే ఒక్కటే 63 డిగ్రీల ఫేజ్ తినేస్తుంది, కెపాసిటెన్స్ ఇంకో 5. అదంతా లేదనుకుని ఐడియల్ అని పెట్టేస్తే రిఫరెన్స్ ప్లేన్ (కొలత మొదలయ్యే చోటు) దాదాపు 9.5 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అదే 50 మెగాహెర్ట్జ్ దగ్గరైతే తేడా ఒక్క డిగ్రీ, సో హెచ్‌ఎఫ్ యాంటెన్నాలు చూసుకునేవాళ్ళకి ఐడియల్ చాలు, వాళ్ళు ఇక్కడే ఆపేసినా పర్లేదు.

మిగతావాళ్ళకి రెండు దార్లు. ఒకటి కోఎఫిషియంట్ల ఫైల్, అంటే స్టాండర్డ్‌ని ఫార్ములాలో చెప్పే నంబర్లు: ఓపెన్‌ కెపాసిటెన్స్‌కి సీ0 నుంచి సీ3, షార్ట్‌ ఇండక్టెన్స్‌కి ఎల్0 నుంచి ఎల్3, వాటితో పాటు డిలే, లాస్, జెడ్0 (ఇంపెడెన్స్). మామూలుగా ఇవి ఆ మోడల్ కిట్లన్నిటికీ ఒకటే నంబర్లు. రెండోది డేటా ఫైల్, అంటే మీ దగ్గరున్న ఆ కిట్‌నే తీసుకుని ఒక్కో స్టాండర్డ్‌ని కొలిచి ఎస్1పి గా (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర రిఫ్లెక్షన్ ఎంతో రాసిన టచ్‌స్టోన్ ఫైల్) ఇస్తారు.

చాలామంది ఓపెన్, షార్ట్ దగ్గరే కొట్టుకుంటారు గానీ నా లెక్కలో అసలు తేడా లోడ్‌దే. కోఎఫిషియంట్ల ఫైల్‌లో లోడ్ అంటే సాధారణంగా పక్కా 50 ఓమ్‌లు, అంతే, దాని తప్పంతా డైరెక్టివిటీలోకి (వెళ్ళే సిగ్నల్‌ని, తిరిగొచ్చే సిగ్నల్‌ని మెషిన్ ఎంత బాగా విడదీస్తుందో, దాంట్లోకి) పోతుంది. లోడ్ నిజానికి 40 డీబీ రిటర్న్ లాస్‌ది (ఈ నంబర్ ఎంత పెద్దదైతే వెనక్కొచ్చే సిగ్నల్ అంత తక్కువ) అయితే, మీరు 30 డీబీ ఉన్న వస్తువుని కొలిస్తే అది 27.6 నుంచి 33.3 మధ్య ఎక్కడైనా కనబడొచ్చు. డేటా ఫైల్ ఉంటే లోడ్ ఎంత వంకరో ముందే తెలుసు కాబట్టి అది లెక్కలోంచి తీసేయొచ్చు, చవక లోడ్ కూడా పనికొస్తుంది.

అలాగని డేటా ఫైల్ కళ్ళు మూసుకుని తీసుకోకండి. వేరే సీరియల్ నంబర్‌ది పట్టుకొస్తే ఎవరి కళ్ళజోడో మనం పెట్టుకున్నట్టే, దానికన్నా కోఎఫిషియంట్లే నయం. ఇంకోటి, ఆ కొలతకి ముందు విఎన్‌ఏని దేనితో కాలిబ్రేట్ చేశారో అడగండి. అదే కిట్‌ని ఐడియల్ అనుకుని కాలిబ్రేట్ చేసి మళ్ళీ దాన్నే కొలిస్తే అన్నీ పర్ఫెక్ట్ అనే వస్తుంది, తన పేపర్ తనే దిద్దుకున్నట్టు. ఫైల్ 6 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే ఆ పైన ఊహలే. కోఎఫిషియంట్లైతే మోడల్ కాబట్టి ఏ పాయింట్ దగ్గరైనా స్మూత్‌గా ఉంటాయి, కాకపోతే మరీ పై ఫ్రీక్వెన్సీల్లో నాలుగు నంబర్లకి ఆ కర్వ్ లొంగదు.

కోఎఫిషియంట్లలో తలనొప్పి ఎంట్రీ దగ్గర. సీ0 కి 10 పవర్ మైనస్ 15, సీ1 కి మైనస్ 27, సీ2 కి మైనస్ 36, ఒక్కటి తప్పితే అంతే. లాస్ ఒక చోట గిగా ఓమ్ పర్ సెకన్, ఇంకో చోట డీబీ. కనెక్టర్ల మేల్ ఫీమేల్ గొడవ ఇంకా ఘోరం, పాత హెచ్‌పీ మెషిన్లలో (ఎఫ్) అంటే టెస్ట్ పోర్ట్ ఫీమేల్ అని, చేతిలో ఉన్న స్టాండర్డ్ కాదు. నేను ఎన్ టైప్ కనెక్టర్ల కిట్‌తో ఇది తిరగేసి పెట్టి సాయంత్రమంతా కేబుల్‌ని అనుమానించా.

నన్నడిగితే 6 గిగా లోపు మంచి లోడ్ ఉంటే కోఎఫిషియంట్లే, టైప్ చేసింది ఇంకోసారి చూసుకుని. లోడ్ మీద నమ్మకం లేకపోయినా, 30 డీబీ పైన రిటర్న్ లాస్ కొలవాలన్నా డేటా ఫైల్, అదీ మీ కిట్‌దే అయితేనే. నానోవిఎన్‌ఏ-సేవర్ సాఫ్ట్‌వేర్‌లో కోఎఫిషియంట్లు ఎంటర్ చేసుకోవచ్చు, లిబ్రెవిఎన్‌ఏ అయితే టచ్‌స్టోన్ ఫైల్ కూడా తీసుకుంటుంది. ఏది పెట్టినా కాలిబ్రేట్ అయ్యాక అదే ఓపెన్‌ని మళ్ళీ తగిలించి స్మిత్ చార్ట్ (రిఫ్లెక్షన్‌ని చూపించే గుండ్రటి గ్రాఫ్) చూడండి, కుడి చివర చుక్కలా కదలకుండా కూర్చుంటే మీ ఫైల్ అసలు లోడే అవ్వలేదు, గడియారం తిరిగే వైపు తోకలా సాగాలి.