ఎబెనేజర్ చర్చి, ఆబర్న్ అవెన్యూ: అట్లాంటాలో తీరిగ్గా తిరగాల్సిన వీధి

అట్లాంటా వచ్చిన చుట్టాల్ని మనవాళ్లు ముందుగా అక్వేరియంకో, కోకాకోలా మ్యూజియంకో తీసుకెళ్తారు. రెండూ టికెట్ కొని చూడాల్సినవే. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఆబర్న్ అవెన్యూలో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ సమాధి ఉన్న కింగ్ సెంటర్, ఆయన పాస్టర్‌గా పనిచేసిన పాత ఎబెనేజర్ చర్చి, ఆయన పేరిట ఉన్న జాతీయ పార్క్ విజిటర్ సెంటర్ అన్నీ ఉచితం. అయినా చాలామంది సమాధి దగ్గర ఫొటో దిగి అరగంటలో బయల్దేరిపోతారు. మార్టిన్ లూథర్ కింగ్ ఒక్కడే కాదు, ఆయన్ని పెంచిన వీధి కూడా చూడాలంటే ఒక పూటైనా కావాలి.

బస ఉత్తర శివార్లలోని ఆల్ఫరెట్టాలోనో కమ్మింగ్‌లోనో బంధువుల ఇంట్లో అయినా ఇబ్బంది లేదు. నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్లో కారు పెట్టేసి, మార్టా రైల్లో పీచ్‌ట్రీ సెంటర్‌లో దిగొచ్చు. డౌన్‌టౌన్ హోటళ్లు దగ్గరే గానీ, గది అద్దెకు తోడు రాత్రి పార్కింగ్‌కి చాలాచోట్ల విడిగా వసూలు చేస్తారు. స్టేషన్ దగ్గర స్ట్రీట్‌కార్ ఉంటుంది. పెద్దవాళ్లుంటే అదే ఎక్కండి. నడవగలిగితే మాత్రం నడిచే వెళ్లండి, ఎందుకో కింద చెప్తాను.

ఎబెనేజర్ బాప్టిస్ట్ చర్చి మొదలైంది 1886లో. బానిసత్వం రద్దయి అప్పటికి రెండు దశాబ్దాలే. 1894లో ఏ.డి. విలియమ్స్ పాస్టర్ అయ్యారు, 1931లో ఆయన అల్లుడు కింగ్ సీనియర్. 1960 నుంచి 1968లో హత్యకు గురయ్యేదాకా మనవడు మార్టిన్ లూథర్ కింగ్ తండ్రితో కలిసి ఆ బాధ్యత చూశారు. ఇప్పుడు మనం చూసే ఎర్ర ఇటుకల కట్టడం 1922లో పూర్తయింది. లోపల 1960లలో ఎలా ఉండేదో అలాగే బాగుచేసి ఉంచారు. హాలు ఊహించుకున్నదానికంటే చిన్నది. బెంచీ మీద కూర్చుంటే రికార్డు చేసిన కింగ్ ప్రసంగం వినిపిస్తుంది. ఆ గొంతు పూర్తయ్యేదాకా లేవాలనిపించదు. 1974 జూన్ 30న, ఆదివారం ప్రార్థనలో, ఆర్గాన్ వాయిస్తున్న కింగ్ తల్లి ఆల్బర్టా గారిని ఒకడు ఇక్కడే కాల్చి చంపాడు. ఆరేళ్ల క్రితమే కొడుకుని పోగొట్టుకున్న తల్లి. ఆ సంగతి తెలిసి కూర్చుంటే ఆ హాలు వేరేగా కనిపిస్తుంది.

1906 అల్లర్లలో తెల్లవాళ్ల మూకలు దాడులు చేశాక, డౌన్‌టౌన్‌లోని నల్లజాతి వ్యాపారులు ఎక్కువగా ఈ వీధికే చేరారు. బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ పెట్టిన అట్లాంటా లైఫ్ బీమా కంపెనీ ఇక్కడే ఎదిగింది. 1949లో నల్లజాతి యజమాని నడిపిన దేశంలోని తొలి రేడియో స్టేషన్ డబ్ల్యూఈఆర్‌డీ ఇక్కడి ప్రిన్స్ హాల్ భవనంలోంచే మాట్లాడింది. అదే భవనంలో కింగ్ ఆఫీసు కూడా ఉండేది. ఏదైనా ప్రకటించాలంటే ఆయన చీపురు కర్రతో తన గది పైకప్పుని తట్టేవారని, పై అంతస్తులోని స్టేషన్ వాళ్లు మైకు కిందికి దించేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక నడవమన్నది ఎందుకంటే, చర్చికి వెళ్లే దారిలో ఒక పెద్ద ఫ్రీవే కిందనుంచి దాటాలి. అదే డౌన్‌టౌన్ కనెక్టర్. దాన్ని ఈ వీధి నడిబొడ్డులోంచి వేసి పేటను రెండు ముక్కలు చేశారు. తర్వాత నల్లవాళ్లని విడిగా ఉంచే వేర్పాటు చట్టాలు పోయాక, స్తోమత ఉన్న కుటుంబాలు వేరే పేటలకి వెళ్లిపోయాయి. దుకాణాలు మూతపడ్డాయి. ఉత్తర శివార్ల నుంచి రివర్‌డేల్ వెంకటేశ్వరస్వామి గుడికి మనం వెళ్లేది ఆ కనెక్టర్ మీదుగానే. పైన వెళ్తుంటే కింద ఒక ఊరు తెగిపోయిందని తెలియదు. వంతెన కింద నిలబడి పైన లారీల మోత వింటే తెలుస్తుంది.

ఇప్పుడు పేట మళ్లీ మారుతోంది. దగ్గర్లో బెల్ట్‌లైన్ కాలిబాట వచ్చాక కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి, అద్దెలు పెరిగాయి. తరాలుగా ఉన్నవాళ్లు నిలవలేక వెళ్లిపోవడం నాకు ఫ్రీవే కంటే తక్కువ గాయంలా అనిపించలేదు. చర్చి మాత్రం కదల్లేదు. 1999లో ఎదురుగానే పెద్ద ప్రార్థనాలయం కట్టుకుంది. పాస్టర్ రఫాయెల్ వార్నాక్ 2021 నుంచి జార్జియా తరఫున అమెరికా సెనేటర్ కూడా.

విజిటర్ సెంటర్ బయట గాంధీ విగ్రహం ఉంది. 1959లో కింగ్ మన దేశమంతా తిరిగిన సంగతి పిల్లలకి చెప్పడానికి మంచి చోటు. ఆయన పుట్టిన ఇల్లు (501, ఆబర్న్) 2023 నవంబర్‌లో మరమ్మతుల కోసం మూసేశారు, కాబట్టి ముందే వాకబు చేసుకుని వెళ్లండి.

భోజనానికి ఎడ్జ్‌వుడ్ అవెన్యూలోని స్వీట్ ఆబర్న్ కర్బ్ మార్కెట్ బాగుంటుంది. ఒకప్పుడు నల్లజాతి అమ్మకందార్లని లోపలికి రానివ్వక బయట రోడ్డు అంచునే కూర్చోబెట్టిన మార్కెట్ అది. శాకాహారులు మాత్రం ఒక్కో కొట్టు దగ్గరా అడిగి తినండి. ఆదివారం ప్రార్థన చూడాలనుకుంటే కొత్త భవనానికి కాస్త ముందే చేరుకోండి, పాత చర్చికి ఇంకో రోజు పెట్టుకోండి.