బంగారు రుణ విభాగంలో లీన్ పద్ధతి: ఒక ఖాతాదారు సమీక్ష

మా మండల కేంద్రంలోని ఒక బ్యాంకు శాఖ తన బంగారు రుణ విభాగాన్ని లీన్ పద్ధతిలో, అంటే పనిలోని వృథాను తగ్గించే పద్ధతిలో, తిరిగి అమర్చుకుంది. ఆ మార్పుకు ముందొకసారి, తరువాత ఒకసారి, రెండుసార్లూ ఏరువాక వేళ ఎరువుల ఖర్చు కోసం నగలు కుదువ పెట్టిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

పాత పద్ధతిలో ఉదయం పది గంటలకు వెళ్తే డబ్బు ఖాతాలో పడేసరికి భోజనాల వేళ దాటిపోయింది. నిజానికి అక్కడ జరిగే పని ఎంత? బంగారం నాణ్యత, విలువ తేల్చే అప్రైజర్ నగను గీటురాయిపై గీసి, ఆమ్లపు చుక్క వేసి చూసి, రాళ్ల బరువు తీసివేసి తూకం కట్టడం, అధికారి రుణం మంజూరు చేయడం, నగల సంచికి సీలు వేసి లోపల భద్రపరచడం, అన్నీ కలిపినా ముప్పావుగంట మించదు. మిగిలిన కాలమంతా కాగితం ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదికి చేరడానికే పట్టేది. లీన్ పద్ధతికి మూలమైన టొయోటా కర్మాగారాల్లో, జపాన్ ఇంజనీరు తైచి ఓనో లెక్కకట్టిన ఏడు రకాల వృథాలలో నిరీక్షణ ఒకటి. కారు విడిభాగాల విషయంలో పుట్టిన ఆ ఆలోచన కాసులపేరుకూ పనికివస్తుందని ఈ శాఖ గుర్తించింది.

చేసిన మార్పులకు పెద్దగా ఖర్చయినట్టు లేదు. నాలుగు ఫారాల్లో నాలుగుసార్లు రాసిన చిరునామాను ఇప్పుడు ఒక్కసారి రాస్తే చాలు. అప్రైజర్ బల్లను మంజూరు చేసే అధికారి పక్కకే జరిపారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే, ఎందుకంటే నగ చేతులు మారుతూ లోపలికి వెళ్లదు, మనం తక్కెడ ఎదుటే కూర్చుంటాం. పరీక్ష సమయంలో రుణగ్రహీత దగ్గరుండాలని 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాలూ చెబుతున్నాయి. నాతో వచ్చిన మా అమ్మకైతే లీన్ సంగతి పట్టలేదు గానీ, తన రెండుపేటల గొలుసు కంటికి ఆనుతూ ఉండటం మాత్రం బాగా నచ్చింది.

అయితే గోడమీది పలకలో ‘సగటు సమయం 40 నిమిషాలు’ అని ఉండగా, నాకు గంటా పది నిమిషాలు పట్టింది. ఆరా తీస్తే, గడియారం టోకెన్ ఇచ్చినప్పటి నుంచే మొదలవుతుందని తెలిసింది. టోకెన్‌కు ముందు ఆధార్, పాన్, ఫోటోలు సరిచూసే వరుసలో నిలబడిన అరగంట ఏ లెక్కలోకీ రాలేదు. కాగితాలు ముందే సరిచూడటం మంచిదే. కానీ నిరీక్షణను గుమ్మం దగ్గరికి నెట్టి, పలకమీద అంకె తగ్గించుకుంటే అది ఖాతాదారుకు మిగిలిన సమయం కాదు.

నగ విడిపించే వైపు మాత్రం ఎవరూ చేయి పెట్టినట్టు లేదు. అప్పు పూర్తిగా కట్టిన రోజున, నగల పెట్టె తెరవడానికి ఇద్దరి దగ్గర ఉండే ఉమ్మడి తాళాలలో రెండోది ఉండే అధికారి సెలవులో ఉన్నారంటూ మర్నాడు రమ్మన్నారు. పై ఆదేశాల ప్రకారం అదే రోజు, లేదా గరిష్ఠంగా ఏడు పనిదినాల్లో నగ అప్పగించాలి. తన వల్ల అంతకుమించి ఆలస్యమైతే రుణదాత రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. కాబట్టి మర్నాడు ఇవ్వడం తప్పు కాకపోవచ్చు, కానీ ఒక్కరి సెలవుతో ఆగిపోయే పనిని లీన్ అనలేము.

పైగా అప్రైజర్ ఒక్కరే, ఆయన మరో శాఖకూ వెళ్తుంటారు. ఈ శాఖకు వెళ్లేవారు ఆయన వచ్చే రోజు ఫోనులో కనుక్కుని, తొమ్మిదిన్నరకే గుమ్మం దగ్గర ఉండటం మంచిది.