నాలుగేళ్లు వాడిన కేబుల్ మోడెమ్: అసలు తంటా అప్‌లోడ్‌తోనే

డాక్సిస్ (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం) 3.0 మోడెమ్‌ను నాలుగేళ్లకు పైగా రోజూ వాడాను. డౌన్‌లోడ్‌కి వంక పెట్టడానికి లేదు. ఏడిపించిందల్లా అప్‌లోడే. వీడియో కాల్‌లో అవతలివాళ్లు నాకు చక్కగా కనిపించేవాళ్లు, నా మాటే వాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపించేది.

ఒకే కేబుల్ మీద ఎన్నో ఇళ్ల మోడెములు ఉంటాయి. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపితే సిగ్నళ్లు ఢీకొంటాయి. అందుకే మోడెమ్ ముందు "ఇంత డేటా ఉంది, పంపనా?" అని కేబుల్ కంపెనీ దగ్గరుండే సీఎంటీఎస్ అనే యంత్రాన్ని అడగాలి. ఫలానా క్షణంలో పంపమని అది చెప్పాకే పంపాలి. ఆ అడగడంలోనే ఇద్దరు ఢీకొంటే కాసేపాగి మళ్లీ అడగాల్సిందే. పైగా పాత నెట్‌వర్కులు చాలావాటిలో అప్‌స్ట్రీమ్‌కి, అంటే ఇంటి నుంచి కంపెనీ వైపు వెళ్లే సిగ్నల్‌కి, ఉన్న చోటు 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకే. అన్ని ఇళ్ల నాయిస్ వచ్చి కలిసేదీ అక్కడే.

ఒకరోజు విసుగొచ్చి మోడెమ్ తన వివరాలు చూపించే 192.168.100.1 పేజీ తెరిచాను. అప్‌స్ట్రీమ్ పవర్ 50 డీబీఎంవీ (సిగ్నల్ బలం కొలత)! అంటే మోడెమ్ దాదాపు గొంతు చించుకుని అరుస్తోంది. లాగ్ నిండా టీ3 టైమౌట్లు: పిలిచినా జవాబు రాలేదని. దారిలో సిగ్నల్‌ని రెండుగా పంచే అక్కర్లేని స్ప్లిటర్ ఒకటుంది. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటే సుమారు మూడున్నర డెసిబెల్స్ మింగేస్తుంది. అది తీస్తే పవర్ 46కి దిగింది, టైమౌట్లు మాత్రం ఆగలేదు. గోడ దగ్గరి కనెక్టర్ పట్టుకుంటే వదులుగా తిరిగింది. విప్పి చూస్తే మధ్య రాగి తీగ నల్లబడిపోయి ఉంది. కొత్త కనెక్టర్ వేసి గట్టిగా బిగించాక లాగ్ శుభ్రపడింది. కంపెనీవాళ్లు మూడుసార్లు వచ్చి డౌన్‌లోడ్ స్పీడ్ మాత్రం చూసి వెళ్లారు, అదే నా బాధ.

అయినా మరో లోపం మిగిలింది. పెద్ద ఫైల్ బ్యాకప్ అవుతుంటే పింగ్ (పంపినదానికి జవాబు తిరిగొచ్చే సమయం) 20 మిల్లీసెకన్ల నుంచి 700 దాటేది. ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, మోడెమ్ బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) బారులు తీరేవి. రౌటర్‌లో అప్‌లోడ్‌ని ప్లాన్ స్పీడ్‌లో 90 శాతానికి కట్టేశాక కాల్స్ నిలబడ్డాయి. కొంచెం స్పీడ్ పోయినా నాకు నష్టమనిపించలేదు.

ఇప్పుడు డాక్సిస్ 3.1 మోడెమ్‌కి మారాను. ఆ బారును అదుపులో పెట్టే పద్ధతి మోడెమ్‌లోనే ఉండాలని ఆ ప్రమాణం చెబుతుంది. రౌటర్‌లో కట్టడి తీసేసి అదే బ్యాకప్ పెట్టి చూశాను: పింగ్ 40 దాటలేదు, కాల్ మధ్యలో నన్నెవరూ "ఏమన్నారు?" అని అడగలేదు.